బూలన్‌ని ఎక్కడ వదిలొచ్చారు

"మళ్లీ చెప్పు. ఏ రాయి దగ్గర?" అంది మా అమ్మ.

"చెప్పాను కదమ్మా. రేవు దాటాక నల్లరాయి. దాని పక్క మడుగు," అన్నాడు తమ్ముడు యూల్.

"అక్కడికే కదరా నిన్న వెళ్లాం. దొన్నె పెట్టాం. పేరు పెట్టి మూడుసార్లు పిలిచాం. పిల్ల రాలేదు."

పిల్ల మా మధ్యనే ఉంది. యూల్ పెళ్లాం పేరు లస్మిని. ఆ తల్లి ఒళ్లో పడుకుని, కళ్లు తెరిచి, కప్పుకేసి చూస్తోంది. రాలేదని అమ్మ అన్నది ఆ పిల్లని కాదు, ఆ పిల్లలో ఉండాల్సిన రెండో దాన్ని.

ఆదివారం షికారు నుంచి తిరిగొచ్చింది మొదలు బూలన్ నవ్వలేదు. గిన్నె కింద పడితే నవ్వే పిల్ల. కోడి కూస్తే నవ్వేది. నన్ను చూసి కూడా నవ్వేది. నా మొహం చూసి నవ్విన ఆడమనిషి ఈ ఊళ్లో అదొక్కతే. ఇప్పుడు కోడి కూస్తే ఒళ్లంతా ఉలిక్కిపడుతోంది. రెండు గుక్కలు తాగి రొమ్ము వదిలేస్తోంది. ఆరోగ్య కేంద్రంలో నర్సు చెవులు చూసింది, గొంతు చూసింది, తూచింది. ఏమీ లేదంది. ఒక సిరప్ ఇచ్చింది.

"ప్రాణం బయట తిరుగుతుంటే సిరప్ ఎవరికి పోస్తారే?" అని అమ్మ ఆ సీసా గూట్లో పెట్టేసింది.

మాకిది కొత్త కాదు. పిల్ల ఎక్కడైనా బాగా దడుచుకుందంటే ప్రాణంలో కొంత ఆ చోటే ఆగిపోతుంది. వెళ్లి, సరిగ్గా అక్కడే నిలబడి, పిలిచి వెంట తెచ్చుకోవాలి. నా ఏడో ఏట లవంగం చెట్టు మీంచి పడితే నన్నూ అమ్మే వెళ్లి పిలుచుకొచ్చింది. మొత్తం తేలేదేమో, కొంత ఆ చెట్టు కిందే మిగిలిపోయిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

"చోటు తప్పైతే గొంతు చించుకున్నా దండగే," అంది అమ్మ. "ఇంక ఐదు రోజులుంది ఓతొన్‌కి. సగం పిల్లని ఎలా దింపమంటావ్ నేల మీద?"



ఓతొన్ అంటే బిడ్డకి రెండువందల పది రోజులు నిండే పండగ. మా ఇంట్లో ఆ రోజే కాళ్లు మొదటిసారి మట్టికి ఆనిస్తారు. అందాకా చేతుల మీదే. ఆ లెక్కన బూలన్ కాలికి ఇంకా దుమ్ము అంటలేదు. కానీ ఈ దీవిలో సగం చూసేసింది.

ఆ పిచ్చి యూల్‌ది. వాడు సముద్రంలో మునిగే యాత్రికుల కోసం సిలిండర్లలో గాలి నింపే కొట్లో పనిచేస్తాడు. అక్కడికొచ్చే తెల్లవాళ్లు పసిపిల్లల్ని బస్తాల్లా వీపున కట్టుకుని ఎక్కడపడితే అక్కడికి పోతుంటారు. అది చూసి వీడికి ఎక్కింది. పిల్లకి మూడో నెల రాగానే జోలెలో వేసుకోవడం, పెళ్లాన్ని బండి ఎక్కించుకోవడం. ఒక ఆదివారం పోటు తీశాక దిబ్బల మీద పీతలు చూపించడానికి. ఒక ఆదివారం పడవలో, తెల్లారేసరికి గెంతే చేపల్ని చూపించడానికి. ఇంకోసారి కొండ మీద చెరువుకి, ఇంకోసారి వేడినీళ్ల గుంటకి. ఆరు నెలల పిల్లకి!

"మీ మనవరాలు ఇవాళ ఏ దేశంలో ఉందమ్మా?" అని పక్కింటి వాళ్లు గోడ మీంచి ఎకసెక్కాలు ఆడేవారు.

"తెల్లవాళ్ల పిల్లలు తిరగట్లేదా అమ్మా?" అనేవాడు యూల్.

"వాళ్ల పిల్లల ప్రాణాలు పెట్టెల్లో పెట్టి తాళం వేసి తెచ్చుకుంటారేమో. మనవి గాలికి ఊగేవి," అనేది అమ్మ.

ఇప్పుడు ఆ మాట అనలేదు. అని ఉంటే యూల్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

"కోడలా, నువ్వు చెప్పు," అంది. "మడుగు దగ్గరేనా?"

"ఆయన చెప్పిందే, అత్తా." అంది లస్మిని, తలెత్తకుండానే.

అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. లేచి వంటింట్లోకి పోయింది. కొబ్బరి కోరుతున్న చప్పుడు మొదలైంది. ఇంట్లో ఎవరూ కొబ్బరి అడగలేదు.

*

నేను అరుగు మీద కూర్చుని ఓతొన్ పందిరికి వెదురు చీలుస్తున్నాను. కాసేపటికి లస్మిని పిల్లతో వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది.

ఇరవై ఏళ్లు అద్దాల తొట్లలోకి రంగు చేపలు పట్టి అమ్మాను. ఐదో తరగతిలో పలక పారేసి నోట్లో గాలి గొట్టం పెట్టుకుని సముద్రంలో దిగినవాణ్ణి. చేపలు పోయాయి, ఎడమ చెవీ పోయింది. నా ఎడమ పక్కన ఏం మాట్లాడినా నాకు వినపడదని ఇంట్లో అందరి నమ్మకం. అందులో సగమే నిజం.

"బావగారూ, చోటు తప్పు చెబితే ఏమవుతుంది?" అంది, మెల్లిగా, పిల్లకేసి చూస్తూ.

"పిలిచింది రాదు. ఇంకేదైనా వస్తే వస్తుంది," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆమె మొహం పాలిపోయింది. నా నోరు అంతే. ఎదుటివాడు పడిపోతుంటే చెయ్యి కన్నా ముందు అదే వెళ్తుంది.

"ఊరికే అన్నాలే," అన్నాను. "ఎక్కడమ్మా?"

ఆమె బూలన్ పిడికిలి విప్పి, ఒక్కొక్క వేలూ నిమిరి, మళ్లీ మూసింది.

"మా ఇంటి గుమ్మం దగ్గర."

వెదురు మీద కత్తి ఆగిపోయింది.

"సముద్రానికి వెళ్లనే లేదు. జలపాతానికి వెళ్లాం. అక్కణ్ణుంచి మా తోట ఎంతో దూరం లేదు కదా. నేనే అడిగాను. అమ్మకి ఒక్కసారి చూపించి వచ్చేద్దాం అన్నాను. ఆయన వద్దనలేదు. గుమ్మం బయటే నిలబడ్డాం. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులు చాపింది. నేను ముందుకి వంగాను. ఇంతలో నాన్నగారు లోపల్నుంచి వచ్చి..."

"అరిచాడా?"

"లేదు. ఆయన అరవరు. తలుపు వేశారు. ఆ పాత టేకు తలుపు. దాని చప్పుడు మీకు తెలీదు. బూలన్ ఏడవలేదు బావగారూ. ఏడ్చినా బాగుండేది. ఒక్కసారి అదిరి, అలా ఉండిపోయింది. అంతే, అప్పట్నుంచీ ఇలాగే."

లస్మిని వాళ్లు గుస్తీలు, పెద్ద కులం. మేం మామూలు మనుషులం. గుస్తీ మగాడు మా ఇంటి పిల్లని చేసుకుంటే ఆ పిల్ల ఒక మెట్టు పైకెక్కుతుంది. గుస్తీ ఆడపిల్ల మా ఇంటికొస్తే జారిపడింది అంటారు, చెట్టు మీంచి పండు గురించి అన్నట్టు. జారిపడ్డ కూతురు కన్నతల్లితో మాట్లాడాలన్నా 'తమరు' అనాలి. ఆ కూతురి బిడ్డని ఎత్తుకుంటే ఎత్తుకున్నవాళ్లూ జారినట్టే. చట్టంలో ఇవేవీ లేవట. బడికెళ్లినవాళ్లు చెప్పారు. చట్టం ఆ కొండ ఎక్కిన గుర్తు నాకు లేదు.

పోయిన ఏడాది లస్మిని యూల్‌తో వచ్చేసినప్పుడు కబురు చెప్పడానికి అమ్మ ఊరి పెద్దలతో ఆ ఇంటికి వెళ్లింది. నాలుగు గంటలు రోడ్డు మీద నిలబెట్టారు. చాప వెయ్యలేదు. నీళ్లివ్వలేదు. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఒక్క మాటే అంది: "నేను బతికుండగా ఈ ఇంటి మనిషి నీడ ఆ గుమ్మం మీద పడకూడదు."

అమ్మ ఒట్టు పెట్టదు. మామూలుగా చెబుతుంది. అందుకే భయం.

"మీరు చెబుతారా అత్తకి?" అంది లస్మిని.

"నేనా? ఈ ఇంట్లో చేదు కబుర్లన్నీ నా చేతే మోయిస్తారు. చావు కబురైతే నేను, కోర్టు కబురైతే నేను, చేప పాడైతే నేను. ఈసారి నా వల్ల కాదు."

ఆమె ఇంకేం అడగలేదు. పిల్లని నా ఒళ్లో పెట్టి లేచి వంటింటి వైపు నడిచింది.

బూలన్ నన్ను చూసింది. నేను నాలుక బయటపెట్టాను. కనుబొమలు ఎగరేశాను. మామూలుగా ఇంత మాత్రానికే పొట్ట పట్టుకుని నవ్వాల్సింది. నా వెనకెవరో ఉన్నట్టు నన్ను దాటి చూసింది.

*

వంటింట్లో కోరాము చప్పుడు ఆగింది.

అరుపు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి మళ్లీ కోరడం మొదలైంది. మళ్లీ ఆగింది. నేను పిల్లనెత్తుకుని వెళ్లి వాకిట్లో నిలబడ్డాను.

"తలుపు లోపలా, బయటా?" అడుగుతోంది అమ్మ.

"బయట, అత్తా."

"మెట్టు మీదా?"

"మెట్టు కింద. రోడ్డు అంచున. మా అమ్మ మెట్టు మీద ఉంది."

"పిల్ల మొహం ఎటు?"

"గుమ్మం వైపే."

అమ్మ తలూపింది. నర్సు కూడా ఇంత వివరంగా అడగలేదు.

యూల్ వచ్చి గడపలో నిలబడ్డాడు. విన్నాడని మొహమే చెబుతోంది.

"తప్పు నాదమ్మా. దాన్నేం అనకు."

"నేనేమన్నాను?"

"ఏమీ అనట్లేదు. అదే కదా."

"నిన్న ఆ సముద్రాన్ని అంత బతిమాలాను," అంది అమ్మ. "దాని దగ్గర లేని దాన్ని ఇమ్మని అడిగాను. ఎంత సిగ్గుగా ఉందో తెలుసా? మనిషికి అబద్ధం చెప్పావ్, సరే. సముద్రానికీ చెప్పించావ్ నా చేత."

యూల్ తల దించుకున్నాడు. "నిజం చెబితే నువ్వు వెళ్లనిస్తావా?"

"వెళ్లేముందు అడిగావా?"

"అడిగితే?"

"వద్దనేదాన్ని."

"మరి!"

 పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. ఎవరూ దించలేదు.

"వాళ్లని మళ్లీ అడుక్కోవడం నాకిష్టం లేదు," అన్నాడు యూల్. "ఇంకో మార్గం చూడు. పూజారి ఉన్నాడు, వైద్యుడున్నాడు. ఇక్కణ్ణుంచే పిలిస్తే రాదా?"

"నువ్వు కొండ మీద బండి వదిలేసొచ్చి ఇక్కణ్ణుంచి ఈల వేస్తే వస్తుందా?"

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

"సముద్రం దగ్గర పోతే సముద్రాన్ని అడుగుతాం. అడవిలో పోతే అడవిని. గుమ్మం దగ్గర పోతే గుమ్మం గలవాళ్లని అడగాలి. తీసుకెళ్లమని వాళ్ల నోటితో అనాలి. అప్పుడే వస్తుంది," అంది అమ్మ.

"నాన్నగారు అనరు, అత్తా." లస్మిని గొంతు వినీ వినపడకుండా ఉంది. "ఆయన అనరు."

"అనకపోతే అనలేదని తెలుస్తుంది."

"నీ నీడ..." అన్నాను నేను. అనకూడదనుకుంటూనే అన్నాను. ఎవరో ఒకరు అనాలిగా.

అమ్మ చేతులు కడుక్కుంది. కొంగుకి తుడుచుకుంది. వాకిట్లోకి వచ్చి ఆకాశంకేసి చూసింది. కొండ మీద మబ్బు నల్లగా దిగి ఉంది.

"ఎండ లేదుగా. నీడెక్కణ్ణుంచి పడుతుంది?" అంది. "బండ్లు తియ్యండి."

*

రెండు బండ్ల మీద బయల్దేరాం. ముందు యూల్, వెనక లస్మిని, మధ్యలో జోలెలో బూలన్. నా వెనక అమ్మ, ఒళ్లో నైవేద్యాల బుట్ట. ప్రతి గుంట దగ్గరా నా వీపు మీద గుద్దు.

"గుడ్లున్నాయిరా బుట్టలో!"

"రోడ్డు నేను వెయ్యలేదమ్మా."

"వేసినా ఇలాగే వేసేవాడివి."

సగం కొండ ఎక్కేసరికి వాన అందుకుంది. లవంగాలు ఎండబెట్టే రేకుల షెడ్డొకటి కనపడితే దూరాం. మనుషుల్లేరు. చాపలు చుట్టి గోడకి నిలబెట్టి ఉన్నాయి. గాలంతా ఘాటుగా వాసన.

అమ్మ అరటాకు పొట్లాలు విప్పింది. అన్నం, వేపిన చేప, మిరప సంబల్. ఏ ఆపద వచ్చినా మా అమ్మ అన్నం కట్టకుండా ఇల్లు దాటదు. నలుగురం వానకేసి చూస్తూ తిన్నాం. షికారుకి వచ్చినవాళ్లం అనుకునేవారు ఎవరైనా చూస్తే.

బూలన్ జోలెలోంచి రేకు అంచున కారే నీళ్లధారని చూస్తోంది. యూల్ చెయ్యి చాపి ధారని రెండుగా చీల్చాడు. పిల్ల కళ్లు కదిలాయి. పెదవులు కదల్లేదు.

"దీన్ని ఎక్కడెక్కడికి తిప్పావురా ఇన్నాళ్లూ," అంది అమ్మ. కోపంగా కాదు. ఏదో ఒకటి అనాలి కనక.

యూల్ చేతి తడి తుడుచుకున్నాడు. తర్వాత చెయ్యెత్తి, వాన అవతల కొండ కొమ్ము చూపించాడు.

"అది కనపడే చోట్లకే."

"ఏది?"

"వాళ్ల ఇంటి కప్పు. ఎర్ర పెంకులు. పడవలో చాలా దూరం పోతే సముద్రంలోంచి కనపడుతుంది, తెల్లారుజామున వెలుతురు దాని మీదే ముందు పడుతుంది. చెరువు అవతలి గట్టు నుంచి చూస్తే వెనక వైపు కనపడుతుంది. దిబ్బల మీంచి చిన్నగా, అగ్గిపెట్టంత." చెయ్యి దించాడు. "పిల్లకి పీతలేం తెలుస్తాయమ్మా? నీ కోడలు ఆ కప్పుని చూసుకునేది. నేను పిల్లకి చేపలు చూపించేవాణ్ణి, ఇది కొండకేసి చూసేది. ఇద్దరం ఏమీ అనుకునేవాళ్లం కాదు."

లస్మిని మొహం అటు తిప్పుకుంది.

"బ్లీ," అని మా ఆడవాళ్ల పిలుపుతో మొగుణ్ణి పిలిచింది, మెల్లగా. "నీకు తెలుసా? నువ్వు నన్ను చూడట్లేదనే అనుకున్నాను."

"చూడట్లేదని నువ్వనుకుంటున్నావని తెలుసు."

నేను చేప ముల్లు తీసుకుంటూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ వీణ్ణి పిచ్చివాడన్నాను, తెల్లవాళ్ల కోతి అన్నాను. గోడ మీంచి ఎకసెక్కాలాడిన వాళ్లతో కలిసి నవ్వాను కూడా. నాకూ ఒకప్పుడు ఒక కొండ ఉండేది, ఒక ఇంటి కప్పు ఉండేది. ఏ వైపు నుంచైనా చూసే తెలివి నాకు లేకపోయింది. తల దించుకుని గొట్టం నోట్లో పెట్టుకుని నీళ్లలోకి పోయాను. సరే, ఆ సంగతెందుకు ఇప్పుడు.

అమ్మ తన పొట్లంలో మిగిలిన చేపముక్క తీసి కోడలి ఆకులో వేసింది.

"తిను. పాలు పడొద్దూ?" అంది.

*

వాన సన్నబడ్డాక మళ్లీ ఎక్కాం. కమలా తోటలు మొదలయ్యాయి. చెట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మలుపు తిరగ్గానే ఆ గోడ, ఆ గుమ్మం.

తలుపు ఒక రెక్క తెరిచే ఉంది.

అమ్మ బండి దిగి, ఎక్కడ నిలబడాలో ఎవర్నీ అడక్కుండా వెళ్లి నిలబడింది. పోయిన ఏడాది నిలబడ్డ చోటే అయి ఉంటుంది. బుట్ట దించింది. తడిసిన కొంగు సర్దుకుంది. నేను ఆవిడ వెనక నిలబడ్డాను. 

"అయ్యగారూ!" అని పిలిచింది.

లోపల కుక్క మొరిగింది. బూలన్ ఉలిక్కిపడింది. లస్మిని జోలెని గుండెకి అదుముకుంది.

లస్మిని తండ్రి గుస్తి ఓక బయటికొచ్చాడు. పొట్టి మనిషి. నేను పొడుగ్గా ఉంటాడనుకున్నాను ఇన్నాళ్లూ. చేతిలో గొడ్డలీ లేదు, ఏమీ లేదు. కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. కూతుర్ని చూశాడు, చూడనట్టే చూపు తిప్పి అమ్మ దగ్గర ఆపాడు.

"ఏం పని?"

"పిల్ల ఇక్కడ దడుచుకుంది అయ్యగారూ. ఆదివారం. మూడు రోజులుగా పాలు తాగట్లేదు. దాన్ని పిలిచి తీసుకుపోదామని వచ్చాం. తమరు తీసుకెళ్లమని ఒక్క మాటంటే చాలు. లోపలికి రాం. నీళ్లు కూడా అడగం."

ఆ చివరి మాట అమ్మ మామూలుగానే అంది. తగలాల్సిన చోట తగిలిందనుకుంటాను. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు.

"నా గుమ్మం ఎవరి పిల్లనీ పట్టుకోలేదు."

"తమరు పట్టుకున్నారని ఎవరన్నారు? పసిపిల్లకి ఎక్కడాగాలో తెలీదు. ఆగిపోయింది. అంతే."

"తీసుకెళ్లమంటే ఇక్కడుందని ఒప్పుకున్నట్టు."

"ఒప్పుకుంటే ఏమవుతుంది అయ్యగారూ?"

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అది నేను చూశాను. అరిచే మనిషైతే నాకు సులువుగా ఉండేది. అరిచేవాళ్లకి జవాబులు నా దగ్గర బోలెడున్నాయి.

"మా తాతల నుంచి ఈ గుమ్మానికి ఒక పద్ధతుంది," అన్నాడు. "జారిన దాని తాలూకు ఏదీ ఇందులో లేదు. లేనిదాన్ని నేనెలా ఇస్తాను? మీరు పెద్దవారు. వానలో వచ్చారు. వెళ్లిరండి."

"నాన్నగారూ," అంది లస్మిని. "తమరు నన్ను చూడక్కర్లేదు. దాని కోసం ఒక్క మాట. నేనింక రాను. ఎప్పటికీ రాను."

"నువ్వు రాకపోవడం నాకేం కొత్త వరం కాదు," అన్నాడాయన. కానీ కళ్లజోడు మళ్లీ తీసి తుడిచాడు.

యూల్ ముందుకి కదిలాడు. భుజం పట్టుకుని ఆపాను. వాన చినుకులు నైవేద్యపు అన్నం మీద పడుతున్నాయి. అమ్మ చేత్తో గొడుగు పట్టింది దానికి, అంత చిన్న చేత్తో.

అప్పుడు గోడ పక్కనున్న వంటింటి దారి నుంచి లస్మిని తల్లి వచ్చింది. చేతులకి పిండి. కాళ్లకి చెప్పుల్లేవు. గుమ్మంలోంచి కాదు, గోడ చుట్టూ తిరిగి నేరుగా రోడ్డు మీదికి వచ్చి మా అమ్మ ఎదుట నిలబడింది. ఆవిడ కళ్ల కింద నల్లగా ఉంది.

"నా దగ్గరుంది," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఆ పిల్ల మా గుమ్మం దగ్గర లేదు. నా దగ్గరుంది. ఆ రోజు చేతులు చాపాను కదా, అప్పుడే వచ్చేసింది. మూడు రాత్రులుగా నాకూ నిద్ర లేదు. పక్కన ఏదో కదులుతున్నట్టే ఉంటోంది. ఈయనకి చెబితే ముసలితనం అన్నారు."

"లోపలికి పో," అన్నాడు గుస్తి ఓక.

ఆవిడ వినలేదో, విన్నదో. మా అమ్మనే చూస్తోంది.

"తీసుకెళ్లు అంటాను. నేనూ ఈ ఇంటిదాన్నే, నా మాట చెల్లుతుంది. కానీ ఒట్టి చేతులతో ఎలా ఇవ్వను? దాన్ని ఒక్కసారి నా చేతికివ్వండి. ఇచ్చి, నా చేతుల్లోంచే తీసుకెళ్లండి."

"ఎత్తుకున్నావంటే," అన్నాడాయన, నిదానంగా, ఒక్కొక్క మాటా విడిగా, "మళ్లీ ఈ మెట్టెక్కకు."

ఆవిడ చేతులకున్న పిండి చీరకి తుడుచుకుంది. రెండు చేతులూ చాపింది.

"వద్దమ్మా," అంది లస్మిని. 'తమరు' మర్చిపోయింది. "వద్దే అమ్మా. నీకు ఇల్లు లేకుండా పోతుంది. నా పిల్ల బాగుపడాలని నిన్ను..." జోలెని రెండు చేతులా పట్టుకుని వెనక్కి జరిగింది. "మా అత్తనడుగు. వద్దని చెప్పండి అత్తా. మీరు చెబితే వింటుంది."

అందరం అమ్మకేసి చూశాం. ఆ తల్లి చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. గుస్తి ఓక చెయ్యి తలుపు మీద ఉంది. తలుపు కదల్లేదు, చెయ్యీ కదల్లేదు.

మా అమ్మ ఆ మెట్టుని చూసింది. ఆయన్ని చూసింది. బూలన్‌ని మాత్రం చూడలేదు.

"మా ఇంట్లో పడమటి గది ఖాళీగానే ఉంటుంది వదినా," అంది. "కప్పు కొంచెం కారుతుంది."

అని, కోడలి వెనక్కి వెళ్లి, భుజం మీద జోలె ముడి విప్పడం మొదలుపెట్టింది. వానకి నానిన ముడి. లస్మిని వద్దు వద్దంటూనే ఉంది. అమ్మ గోళ్లతో లాగింది, పళ్లతో లాగింది. అది ఎంతకీ వదల్లేదు.